పాల డబ్బాల్లో రాతిపువ్వు

మా తోటికోడలు పోయిందన్న కబురు మధ్యాహ్నం వేళ కొండ మీద నుంచి దిగివచ్చింది. తెచ్చినవాడు ఆమె కొడుకే. జార్జ్ టౌన్‌లో మా గుమ్మం ముందు తడిసిన బట్టలతో నిలబడి, "పిన్నీ, అమ్మ నేదు. జొరం మింగేసింది," అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆమె గింజలు చల్లిన ఆ డబ్బాలు ఇక ఎవరు చూస్తారు అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆమె మా బావగారి భార్య. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను చెల్లీ అనేది, కోపం వస్తే పంతులమ్మా అనేది. ఇంట్లో అగ్గిపుల్ల గీసినా నాకు లెక్క చెప్పాలని మా కోడళ్ళు వాపోతుంటారు. నన్ను వేళాకోళం చేసే ధైర్యం ఆమె ఒక్కదానికే ఉండేది.

కొండ మీద ఒక దొరగారి బంగళాలో ఆమె కెబున్ పని చేసేది. తోటను ఇక్కడివాళ్ళ మాటలో, సముద్రం దాటి వచ్చిన మేమూ అలాగే అంటాం. సీమ గులాబీలకు నీళ్ళు పోసి జీతం తెచ్చుకునేది. మనసు మాత్రం కొండ పక్కన తడిబండ మీద తనంతట తాను పూసే ఊదారంగు గొట్టపు పువ్వు మీద ఉండేది. దాని అసలు పేరు మాకు తెలియదు. రాతిపువ్వు అనుకునేవాళ్ళం.

కొండ రైలు దారి కోసం ఆ బండను పేల్చేస్తారని తెలిసిన రోజు ఆమె నా కోసం దిగివచ్చింది.

"రా చెల్లీ. గొడుగు పట్టడానికి ఒకరు కావాల."

"ఎండా లేదు, వానా లేదు. గొడుగు ఎందుకు?"

"ముందు నడువు పంతులమ్మా. పాఠం తరవాత సెప్తాను."

బండ అంచున అడుగు పెట్టేంత చోటే ఉంది. కింద మంచు తప్ప ఏమీ కనిపించడం లేదు. గొడుగు తిరగేసి, లోపల తెల్లగుడ్డ పరిచి, ఎండిన కాయల కింద పట్టుకోమంది. ఆమె కాయలు తుంచుతుంటే గుడ్డ మీద నశ్యం లాంటి పొడి రాలింది. అవే గింజలు.

"తుమ్మినావంటే ఈటి వంశం పోద్ది," అంది.

నాకు నవ్వు రాలేదు. "నీకు భయం లేదా అక్కా?" అన్నాను.

"ఎందుకు నేదు? నా కాళ్ళు సూడు."

చూశాను. నా కాళ్ళకన్నా ఎక్కువగా వణుకుతున్నాయి. "బయమేస్తే ఎయ్యనీ. సెయ్యి మాత్రం వణకనీకు," అంది. మబ్బు ఉరిమితే మంచం కిందకు దూరే మనిషి ఆమె. అయినా ఆ పూట ఒక్క కాయ జారవిడవలేదు.

కాఫీ కొట్టు నుంచి పాల డబ్బాలు అడిగి తెచ్చింది. మేకుతో అడుగున చిల్లులు పొడిచింది. కింద ఇటుక ముక్కలు, పైన పాత చీర గుడ్డలో జల్లించిన ఆకుమట్టి. గింజలను ఊపిరి బిగబట్టి చల్లింది, పైన మట్టి కప్పలేదు. ఒక్కో డబ్బా మీద గాజు పలక పెట్టింది. నేను చెంబు అందుకోబోతే చెయ్యి పట్టి ఆపింది. "పైనుంచి పోస్తే కొట్టుకుపోతాయి. కింద నుంచి తాగనీ." డబ్బాలను నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టింది. కిందటి సంవత్సరం మొలకలను పాచి అనుకొని కొడుకు పారబోశాడట. అందుకని నాకు గుర్తు చెప్పింది. "పక్కనుంచి సూడాల. పాచి పరుసుకుంటాది. మొలక నిలబడతాది."

బండ పేలిపోయింది. ఆ పువ్వు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు, మేం వెతికినచోట కనబడలేదు. మొలకలు రాకముందే ఆమె పోయింది.

అంత్యక్రియలకు కొండెక్కినదాన్ని అక్కడే ఉండిపోయాను. ఇల్లు కడిగినప్పుడు గాజు పలకలు ఎవరో తీసి పక్కన పెట్టారు. మూడో రోజుకు డబ్బాల్లో మట్టి తెల్లబడింది. మైలలో మేం దీపం పెట్టం, ఊరగాయ జాడీ ముట్టం, మొక్కను తాకం. ఆ కట్టుబాటు తప్పకుండా కాపలా కాసేదాన్ని మా ఇంట్లో నేనే. ఇప్పుడు నేను తాకితే మాడిపోతాయేమో, తాకకపోతే ఎండిపోతాయేమో. ఎటు చూసినా భయమే. ఇంటి చుట్టూ మంచు కమ్ముకుంది. అడవిలో కోతి అరిచినా వెనక్కి తిరిగి చూస్తున్నాను.

నేను డబ్బా వైపు వంగగానే ఆమె కొడుకు గుమ్మంలోంచి కేకేశాడు.

"పిన్నీ, మైల! జాడీ ముట్టుకుందని మా ఇంటిదాన్ని ఎంత తిట్టినావు?"

"తిట్టాను. ఇంకా తిడతాను."

"మరి నువ్వు సేసేదేటి?"

మా బావగారు పోయినప్పుడు అక్క ఇలాగే మొక్కలకు నీళ్ళ పళ్ళెం పట్టుకొని వస్తే ముసలమ్మలు నోళ్ళు నొక్కుకున్నారు. అప్పుడు ఆమె అన్న మాట గుర్తుకొచ్చి, అదే వాడికి చెప్పాను. "మైల మనకి. దాహం దానికి."

వాడు లోపలికి వెళ్ళి పళ్ళెం, నీళ్ళు తెచ్చాడు. "నువ్వూ అమ్మ నాగే అయిపోనావు," అన్నాడు. కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టే ఉన్నాను. డబ్బాలు ఒక్కొక్కటి నీళ్ళ పళ్ళెంలోకి దించి గాజు పలకలు మళ్ళీ కప్పాను. భయం తగ్గలేదు. చేతిని మాత్రం వణకనివ్వలేదు.

మైల తీరేదాకా రోజూ అలాగే చేశాను. ఇవాళ తెల్లవారుతూనే మట్టి మీద పచ్చగా ఏదో పొర కనిపించింది. పాచే అనుకొని కళ్ళు మూసుకున్నాను. పిదప నేల మీద మోకాళ్ళు ఆన్చి, చెంప పళ్ళేనికి ఆనేంత వంగి, పక్కనుంచి చూశాను. మిగతా డబ్బాల్లో పచ్చదనం పరుచుకునే ఉంది. చివరి డబ్బాలో, గాజు కింద, ఆవగింజలో సగం లేని రెండేసి ఆకులతో ఏవో నిలబడి ఉన్నాయి. నా ఊపిరికి గాజు మసకబారింది. ఊపిరి బిగబట్టాను.