రత్తయ్య వద్దన్న బండి

వన్‌టౌన్ ఇనుప కొట్ల బజారులో కారు కొనాలనుకున్న వాళ్ళు ముందు రత్తయ్యని అడిగేవాళ్ళు. రత్తయ్య షోరూమ్ ఓనరూ కాదు, మెకానిక్కూ కాదు. బోల్టులూ తాళాలూ అమ్మే అబ్దుల్ రవూఫ్ గారి దగ్గర ఇరవై ఆరేళ్ళుగా డ్రైవరు. అంతకు ముందు పామర్రు పక్కన ట్రాక్టరు తోలేవాడు. ఒకసారి రవూఫ్ గారి తమ్ముడు ముచ్చటపడి అడ్వాన్సు కూడా ఇచ్చేసిన పాత కారు తలుపు అంచు వేలితో తడిమి, "ఇది గుద్దుకున్న బండండీ, రంగు కొట్టి అంటగడుతున్నారు" అని అమ్మేవాడి మొహం మీదే చెప్పాడు. నోరు మూసుకోమని వాడు అంతకు ముందే టీకొట్టు దగ్గర తన జేబులో కుక్కిన నోట్లు తీసి ఆ కారు బానెట్ మీదే పెట్టాడు. ఆ రోజు నుంచి బజారులో రత్తయ్య మాటకి తిరుగు లేకుండా పోయింది.

అంతటి మనిషి ఒక్క పూటలో ఎలా చెడ్డాడో చెప్పుకోవాలంటే నోరు చేదవుతుంది.

బుడమేరు వాగు పొంగిన ఏడు రవూఫ్ గారి కారు సింగ్‌నగర్‌లో ఇంటి ముందే మూడు రోజులు నీళ్ళలో నాని తుక్కుకి పోయింది. అప్పటి నుంచి ఒక పాత చిన్న కారుతో నెట్టుకొస్తున్నారు. ఆయన కూతురు సబీహా పళ్ళ డాక్టరు, హనుమాన్ జంక్షన్‌లో సొంత క్లినిక్. ఆమెని పొద్దున్నే దింపి రావడం, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తీసుకురావడం రత్తయ్యకి సగం ఉద్యోగం. మిగతా సగం పెద్దాయన్ని కొట్టుకి తీసుకెళ్ళడం. అది ఆటో ఎక్కితే అయిపోయే దూరమని రత్తయ్యకి తెలుసు. ఎవరూ ఆ మాట అననంత కాలం తనూ అననక్కర్లేదు కదా అనుకునేవాడు.

సబీహా ఆరు నెలలు చదివి, వీడియోలు చూసి, ఒక బండి ఎంచుకుంది. చూడ్డానికి పొడవు తక్కువగా, ఎత్తుగా, లోపల విలాసంగా ఉండే ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జింగ్ చేసుకుంటే జంక్షన్ దాకా కరెంటు మీదే పోతుంది, దూరం వెళ్తే పెట్రోలు అందుకుంటుంది. ఇరుకు సందులోనూ తిరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తనే నడుపుకోవచ్చు. డ్రైవింగ్ నేర్పింది రత్తయ్యే.

"రత్తయ్య సరేనంటే నాకూ సరే" అన్నారు రవూఫ్ గారు.

ముగ్గురూ ఎనికేపాడు షోరూముకి వెళ్ళారు. మోకాళ్ళ నొప్పి వల్ల పెద్దాయన లోపల సోఫాలో కూర్చుండిపోయారు. రత్తయ్య స్టీరింగు పట్టుకున్నాడు, పక్కన సబీహా, వెనక సేల్స్ కుర్రాడు లక్ష్మీకాంత్. బండి గన్నవరం వైపు హైవే ఎక్కింది. ఇంజన్ చప్పుడు లేదు, కుదుపు లేదు, కాలు ఇలా ఆనిస్తే అలా పోతోంది. రత్తయ్య మొహం విప్పారింది.

"ఇన్నాళ్ళూ మనం తోలినవి బళ్ళు కావు పాపగారూ" అన్నాడు.

"అబ్బాజాన్‌కి ఈ మాటే చెప్పండి బాబాయ్, చాలు" అని నవ్వింది సబీహా.

బుడమేరు భయం అతనికీ ఉంది. అందుకే తిరిగి రాగానే వర్క్‌షాపులో లిఫ్టెక్కించిన అలాంటి బండి కిందికి తనే దూరి, బ్యాటరీ పెట్టెలోకి నీళ్ళు చొరకుండా వేసిన సీలు చూసి, లక్ష్మీకాంత్‌ని పదిరకాలుగా అడిగాడు. తృప్తిపడే బయటికి వచ్చాడు.

అప్పుడు లక్ష్మీకాంత్ తన చివరి విద్య చూపించాడు. రెండు కార్ల మధ్య జానెడు సందు చూపించి ఒక బటన్ నొక్కాడు. స్టీరింగు దానంతటదే తిరిగింది, బండి వెనక్కి వెళ్ళి ముచ్చటగా సర్దుకుంది.

"ఇక డ్రైవరుతో పనేముంది మేడమ్!" అన్నాడు, అమ్మకం కుదిరిపోయిన ఉత్సాహంలో.

సబీహా చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల మనసులో ఏ దురుద్దేశమూ లేదు. కానీ రత్తయ్యకి ఆ కుర్రాడి మాటే చెవిలో నిలిచిపోయింది. యాభై ఎనిమిదేళ్ళ డ్రైవరుని కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? ఇంట్లో కూర్చుంటే భార్య వెంకటరత్నమ్మ ఏమీ అనదు, అదే ఇంకా కష్టం.

సోఫా దగ్గరికి వెళ్ళేసరికి రవూఫ్ గారు తలెత్తి చూశారు. "ఏం రత్తయ్యా?"

"వద్దు సాయిబుగారూ" అన్నాడు రత్తయ్య. "బ్యాటరీ బండి అడుగున పెట్టారు. బుడమేరు మళ్ళీ వస్తే నీళ్ళలోకి కరెంటు దిగుద్ది. మనుషులకే ప్రమాదం."

లక్ష్మీకాంత్ బిత్తరపోయి కాగితాలు తెచ్చాడు. పెద్దాయన వాటి వంక చూడలేదు. "కాగితాలెందుకు బాబూ! ఇరవై ఆరేళ్ళలో ఈయన నాతో ఒక్క అబద్ధం ఆడలేదు."

"దారిలో బాగుందన్నారుగా బాబాయ్?" అంది సబీహా మెల్లగా.

"నడకకి బాగుందన్నానమ్మా. నీళ్ళ సంగతి వేరు."

ఆమె వెళ్ళి తమ పాత కారులో కూర్చుంది.

వారం తిరక్కుండా పెద్ద డీజిల్ బండి వచ్చింది. సింగ్‌నగర్ సందులో దాన్ని తిప్పడం రత్తయ్యకి తప్ప ఇంకెవరికీ చేతకాదు. సబీహా దాన్ని ఒకసారి గోడకి గీకి, మళ్ళీ ముట్టుకోలేదు. వెనక సీట్లో కూర్చుని జంక్షన్ దాకా ఫోను చూసుకునేది. ఉద్యోగం నిలబడింది. దానికోసమే కదా ఇంత చేసింది! అన్నం మాత్రం సయించేది కాదు.

పైగా రవూఫ్ గారు ఊరుకునే రకమా? రత్తయ్య ఆ బండి వద్దన్న సంగతి బజారంతా చాటారు. పక్క కొట్టు నాసిర్ ఆ బండే కొనాలనుకుంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. "చెప్పు రత్తయ్యా, ఈయనకీ చెప్పు." రత్తయ్య చెప్పాడు. తర్వాత ఇంకొకరికి, ఆ తర్వాత మరొకరికి. చెప్పిన కొద్దీ అబద్ధానికి నునుపు వచ్చింది. అతనికి తన గొంతు వింటేనే అసహ్యం వేసేది.

శ్రావణంలో ఒక ఉదయం అతను కారు తుడుస్తుంటే లోపలి నుంచి కేకలు వినిపించాయి. తనే లోను తీసుకుని ఆ బండి కొనుక్కుంటానంటోంది సబీహా. నీళ్ళలో చస్తావా అని అరుస్తున్నారు తండ్రి. రత్తయ్య చేతిలో గుడ్డ కింద పడేసి, చెప్పులు విడిచి, హాల్లోకి వెళ్ళాడు.

"సాయిబుగారూ, నేను అబద్ధం ఆడానండీ. ఆ బండికి ఏ దోషమూ లేదు. పాపగారే నడుపుకుంటే నా పని పోద్దని అలా చెప్పాను."

రవూఫ్ గారు పకపకా నవ్వారు.

"నువ్వా? అబద్ధమా?" నవ్వు ఆపి కూతురి వైపు తిరిగారు. "ఇంత పెద్దమనిషి చేత ఇలాంటి మాట చెప్పిస్తావా సబీహా? ఎంత బతిమాలావు, ఏమని బెదిరించావు?"

"నేనేమీ చెప్పించలేదు అబ్బాజాన్!"

"అంటే రత్తయ్య అబద్ధాలకోరంటావా?"

సబీహా రత్తయ్య వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, అడగడమే ఉంది. ఇంకొక్కసారి గట్టిగా చెబితే సరిపోయేది. కానీ ఆ నవ్వులో పెద్దాయన నమ్మకం అంతా అతనికి కనిపించింది. ఆ నమ్మకం పోతే తను ఏమవుతాడో కూడా కనిపించింది. మొదటిసారి తెచ్చుకున్న ధైర్యం రెండోసారికి మిగల్లేదు. తల దించుకున్నాడు.

"చూశావా! సిగ్గుపడుతున్నాడు పాపం" అన్నారు రవూఫ్ గారు. "పద రత్తయ్యా, కొట్టుకి టైమైంది."

రత్తయ్య బండిని గోడకి తగలకుండా సందులోంచి బయటికి తీశాడు. సబీహా ఆ రోజు హనుమాన్ జంక్షన్‌కి బస్సులో వెళ్ళింది. మర్నాడూ బస్సులోనే వెళ్ళింది.