అరిగిన చోట చుక్కలు

మొన్న చరిత్ర చదువుకునే మా మనవరాలు తన వ్యాసం చూపిస్తే, ప్రతి పుట అడుగునా ఏ మాట ఎక్కడిదో చిన్న అక్షరాల్లో ఉండడం చూసి, ఆ విద్య నాకూ ఒకప్పుడు పుంగనూరు ఇంటి పంచలో అబ్బిందని చెప్పబోయి, నమ్మదేమోనని ఊరుకున్నాను. మీరైతే నమ్ముతారు, మన కాలం వాళ్లు కదా.

పంతొమ్మిది వందల నలభైల మాట. బడి గడప తొక్కని నాకు అమ్మే ఇంట్లో అక్షరాలు దిద్దించింది. ఆ గుండ్రని దస్తూరీ చూసే, మదనపల్లె కాలేజీలో చరిత్ర చెప్పే మా చిన్నాన్న, శనివారం ఇంటికొచ్చినప్పుడల్లా తన కాగితాలకు సాపు నకలు రాసే పని నాకిచ్చాడు. చదివిందైతే ఏ పుస్తకమో, విన్నదైతే చెప్పిందెవరో అడుగున రాయాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దేవుడిచ్చిన పని అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

ఒకసారి ఆయన కుప్పం దగ్గర పొలంలో ఉన్న శాసనం మీద తడికాగితం పరచి, సిరా అద్ది తీసిన అచ్చు తెచ్చి, నకలు రాయమని నాకిచ్చాడు. ఎవరో గుడి దీపానికి భూమి ఇచ్చిన సంగతి అది. ఏ దేవుడి గుడో చెప్పే చోట మాత్రం రాయి అరిగిపోయింది. దీపం ఉండి దేవుడు లేకపోవడం పాపమనిపించి, రోజూ మొక్కుకునే వెంకటేశ్వరస్వామి పేరు అక్కడ రాసేశాను. చూపు మందగించిన చిన్నాన్న నా నకలునే నమ్మి, తిరుమల స్వామి కొలువు ఆ శాసనం నాటికే కుప్పం దాకా వచ్చిందని రెండు పుటలు కొత్తగా రాసుకున్నాడు. సోమవారం ఆ వ్యాసం మద్రాసు పత్రికకు పోవాలి.

ఆదివారం పూజలో స్వామి ముఖం చూడలేకపోయాను. చెబితే ఆ పని పోతుంది, నాకున్న చదువంతా అదే. చెప్పకపోతే నలుగురిలో ఆయన మాట పోతుంది. హారతి కాగానే వెళ్లి చెప్పేశాను.

ఆయన ఆ అచ్చు తీసి నా ముందు పరిచాడు.

"సామి పేరు రాతిలో ఉండాదా, నీ మనసులో ఉండాదా పాపా?"

మనసులోనే అన్నాను.

"అయితే ఆడ సుక్కలు పెట్టు. అరిగిపోయిందని అడుగున రాసిపెట్టు. నకలు తీసింది నువ్వేనని నీ పేరు కూడా ఎయ్యి, రేపెవురన్నా అడిగితే సెప్పేదానికి మనిషుండల్ల గదా."

ఆ రెండు పుటలూ తనే చింపేశాడు. సామికి లేని తొందర దీనికి యాల అని వంటింట్లోంచి అవ్వ గొణిగింది. పని పోలేదు సరిగదా, నా పేరు మొదటిసారి ఒక వ్యాసంలోకి ఎక్కింది.

చిన్నాన్న ఇప్పుడు లేడు. ఆ పొలంలో రోడ్డు పడి, రాయి ముక్కలైందని విన్నాను. అచ్చు కూడా ఎప్పుడో చెదలు తినేసింది. మిగిలింది నా నకలొక్కటే, సరిచూసుకోవడానికి ఇంకేమీ లేదు. ఆ చుక్కలు చూసిన వాళ్లెవరైనా, ఇంకో ఊళ్లో ఇంకో రాతి మీద ఆ గుడి దేవుడి పేరు వెతకడానికి బయలుదేరతారని నా ఆశ.