ఇంకా గట్టిగా తిట్టమనేవాడు మా బావ

నిన్న పొద్దున కోంటలో, స్కూల్ స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతుంటే నాగమణక్క ఫోన్ చేసింది.

"మీ బావ లేడే" అంది.

ఎక్కడికి వెళ్ళాడని అడిగాను. నిజంగానే అడిగాను. ఆయన ఇంట్లో లేకపోవడం మాకు కొత్త కాదు కదా.

అక్క ఏడుపు వినిపించాక గానీ నాకు అర్థం కాలేదు.

మా ముత్తయ్య బావ పోయాడు. మా మేనత్త కొడుకు. నాగమణక్క భర్త. మన ఊళ్ళో మీరందరూ నవ్వుతూ "టేపు ముత్తయ్య" అని పిలిచిన మనిషి.

ముసలివాళ్ళ పాత పాటలు రికార్డ్ చేయడానికి ఆవపల్లి అవతల ఏదో ఊరు వెళ్ళి జ్వరం తెచ్చుకున్నాడు. బిళ్ళ మింగి పని చేసుకుంటూనే ఉన్నాడు. లేవలేని స్థితికి వచ్చాక ఎవరో సైకిల్ మీద కూర్చోబెట్టి రోడ్డు దాకా తోసుకొచ్చారట. జీపు దొరికి దంతెవాడలో ఆస్పత్రికి చేరేసరికి డాక్టర్లు చేయడానికి ఏమీ మిగల్లేదు. మలేరియా మెదడుకు ఎక్కిందన్నారు.

కోపంగా ఉంది బావా.

ముందు నీ మీద. తర్వాత చాలామంది మీద.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. బావ మిషన్‌ను టేపు అంటామే గానీ అందులో టేపేమీ ఉండదు. అది డిజిటల్ మల్టీట్రాక్ రికార్డర్. ఎన్ని మైకులు పెడితే అన్ని గొంతులు వేరువేరుగా మెమరీ కార్డు మీద పడతాయి. ప్రతి మైకుకీ ఒక గెయిన్ నాబ్. గొంతును ఎంత లోపలికి తీసుకోవాలో దాంతోనే సెట్ చేయాలి. ఎక్కువ పెడితే మీటర్ ఎరుపులోకి పోయి గొంతు చిరిగినట్టు వస్తుంది. ఆ తర్వాత ఎవరూ బాగు చేయలేరు.

అందులో ఆటో లెవెల్ అని ఒక సెట్టింగ్ ఉంది. ఆన్ చేస్తే మిషనే సర్దుకుంటుంది. బావ దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

"అది గుసగుసను, కేకను ఒక్క తీరుగ చేస్తది పిల్లా. మనిషి ఏడ లేచిండో ఏడ తగ్గిండో తెల్వకపోతే అదేం పాట?" అనేవాడు.

మొట్టమొదటి రికార్డింగ్ మా ఇంటి అరుగు మీదే. మా అమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు, నాట్ల పాటలు. లెవెల్ చూసుకోవడానికి ఒకసారి ఊరికే పాడమన్నాడు. వాళ్ళు మైకు చూసి సిగ్గుపడి నోట్లో గొణిగారు. ఆ గొణుగుడికి సరిపోయేట్టు నాబ్‌లు తిప్పి రికార్డ్ నొక్కాడు.

కాసేపటికి సిగ్గు పోయింది. గొంతులు లేచాయి. మీటర్లన్నీ ఎర్రబడ్డాయి.

మా బావ ఏం చేస్తున్నాడో తెలుసా? కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు!

పాటంతా పాడైపోయింది. మళ్ళీ పాడమనేసరికి మా అమ్మకు ఒళ్ళు మండింది.

"ఏందిరా ముత్తిగా, నీకు పని లేకపోతే మాక్కూడ లేదనుకున్నవా? పొయ్యి మీద అన్నం మాడుతాంది, బర్రె అరుస్తాంది, నీ డబ్బాకు మొక్కుకుంట కూసోవాల్నా?"

బావ ఆమె మొహం వైపు చూడలేదు. మీటర్ చూస్తున్నాడు.

"ఇంగ గట్టిగ, అత్తా. ఇంగ తిట్టు" అంటూ నాబ్ తిప్పుతున్నాడు.

అప్పటి నుంచి అదే ఆయన సౌండ్ చెక్. ఏ ఊరెళ్ళినా ముందు తనను తిట్టించుకునేవాడు. సిగ్గుపడే ముసలమ్మలు కూడా తిట్టమంటే నిండు గొంతుతో తిట్టేవాళ్ళు. తెలుగులో, దోర్లీలో, గోండీలో, హల్బీలో ఆయన తిన్నన్ని తిట్లు బస్తర్‌లో ఇంకెవరూ తిని ఉండరు.

ఇక మన గొల్లపల్లిలో జరిగిన ఆ పెళ్ళి సంగతి. అక్కడున్నవాళ్ళే ఇది చదువుతున్నారని తెలిసే రాస్తున్నా.

పెళ్ళికూతురికి పసుపు పెడుతూ వాళ్ళ నానమ్మ పాట ఎత్తుకుంది. ఆ పాట పూర్తిగా వచ్చింది ఆమె ఒక్కదానికే. బావ పొద్దుటి నుంచి బతిమాలి, తిట్లు తిని, లెవెల్స్ పెట్టుకుని కూర్చున్నాడు.

సగం పాటలో డీజే బండి వచ్చింది.

ఈ ఒక్క పాట అయ్యేదాకా ఆగండని చేతులు పట్టుకున్నాడు. "ఏంది టేపు ముత్తయ్యా, ముసలోళ్ళ ఏడుపులు ఎవడింటడు? జరా హటో" అని తోసేశారు. బయటివాళ్ళు కాదు, మనవాళ్ళే.

డీజే మోగింది. నానమ్మ ఆపేసింది.

బావ ఒక్కో నాబ్‌నూ సున్నాకు తిప్పి, మైకుల వైర్లు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఆ వానాకాలంలోనే నానమ్మ పోయింది. మిగతా సగం పాట ఆమెతోనే పోయింది.

ఉన్న సగాన్ని బావ అప్పుడే మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఒక్కరూ పలకలేదు.

ఈ రోజు అదే పాట మీ అందరి స్టేటస్‌లలో ఉంది. "లెజెండ్" అట. "మన ఊరి గర్వం" అట.

తోసేసిన చేతులే ఆ మాటలు టైప్ చేశాయి. స్టేటస్ చిన్నది కదా, డీజే మోగే చోటు దాకా పోదు; పాట మధ్యలో తెగిపోయిందని మీకు తెలిసే అవకాశం కూడా లేదు.

పొద్దున గ్రూపులో ఇంకో మెసేజ్. ముత్తన్న వాయిస్ ఎవరి దగ్గరైనా ఉందా, వీడియో చేద్దాం అని.

మీ ఎవరి దగ్గరా లేదు. ఎందుకుంటుంది? ఆయన ఎప్పుడూ మైకుకు ఇవతలే కూర్చున్నాడు. ఏం చేస్తున్నావని ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా?

నా దగ్గర ఉంది. మా అమ్మ తిట్ల ఫైల్ నాకు పంపాడు. అందులో వెనకాల ఎక్కడో, నవ్వుతూ, "ఇంగ గట్టిగ, అత్తా."

అది మీకివ్వను.

నిన్న సాయంత్రం గొల్లపల్లిలో బావను గోతిలోకి దించుతుంటే అందరూ నోట్లోనే ఏడ్చారు. మా అమ్మ మాత్రం తిట్టింది.

"ఏందిరా ముత్తిగా! జరమొస్తే ఇంటికి రావాల్నని తెల్వదారా? పాట యాడికి పోతదిరా, నువ్వు పోయినవ్ గానీ!"

ఎవరో వచ్చి ఆమెను ఆపబోయారు. నేను అడ్డం వెళ్ళి అమ్మ భుజం పట్టుకున్నాను.

"ఇంగ గట్టిగ, అమ్మా. ఇంగ తిట్టు" అన్నాను.

పోయిరా బావా. డీజేలు మోగని చోట నీ చెవులు చల్లగా ఉండాలి.