ఎస్తేరు మేడం తుడిచిన ముఖం

కిందటి వారం అమలాపురంలో ఒక స్కూలు వార్షికోత్సవాన్ని వీడియో తీయడానికి వెళ్ళాను. వేదిక వెనక గదిలో పిల్లలకు వేషాలు వేస్తున్నారు. మేకప్ చేసే పెద్దాయన చిన్న గిన్నెలో జింకు పొడి వేసి, కొబ్బరినూనె చుక్కలు చుక్కలుగా పోస్తూ వేలితో మెదుపుతున్నాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఆ గదిలో నిలవబుద్ధి కాలేదు. పదేళ్ళు దాటింది, అయినా అంతే. కెమెరా సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ వాసనతో నాకు మొదట భయం గుర్తొస్తుంది, ఆ వెనకే ఎస్తేరు మేడం గుర్తొస్తారు. ఆవిడ గురించి రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. రాస్తే నేను చేసిన పని కూడా చెప్పుకోవలసి వస్తుందని వాయిదా వేస్తూ వచ్చాను.

ఎస్తేరు మేడం మా డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరరు. పొట్టి మనిషి. నేతచీర కట్టుకుని, గుడ్డసంచీ తగిలించుకుని రాజోలు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. మా కోర్సులో వీడియో తీయడం మీద కొత్తగా ఒక పేపరు పెట్టారు. చెప్పేవాళ్ళు ఎవరూ దొరక్క దాన్ని ఆవిడకు అంటగట్టారు. మొదటి రోజే ఆ సంగతి దాచకుండా చెప్పేశారు. "కెమెరా అంటే నాకేం తెలీదండీ. అది మీరు నాకు నేర్పండి. కథ ఎలా నడుస్తుందో నాకు కాస్త తెలుసు, అది నేను చెప్తాను," అన్నారు. అన్నట్టే నేర్చుకున్నారు కూడా. మా క్లాసు కిషోర్ పక్కన కూర్చుని ఫోకస్ ఎలా మార్చాలో, వెలుతురు ఎటునుంచి పడాలో నోటుపుస్తకంలో రాసుకునేవారు. బదులుగా మాకు రాకుమారి కథల్నీ దెయ్యం కథల్నీ విప్పి చూపించారు. వద్దన్న గది తలుపు తెరవడం, వెనక్కి చూడొద్దన్నచోట చూడటం, మూడో పిలుపుకి పలకడం ఇలా ఒక్కోటీ చెప్పి, ఇవి రెండు రకాల కథల్లోనూ ఉంటాయనేవారు. "పిల్లల్ని నిద్రపుచ్చే కథా, నిద్ర చెడగొట్టే కథా ఒకే సామానుతో వండుతారమ్మా," అని నవ్వేవారు.

చివరి సంవత్సరం మేము చేయవలసిన ప్రాజెక్టు ఒక మ్యూజిక్ వీడియో. కిషోర్ ఒక పాట కట్టాడు. జోలపాటలా మొదలై, పోనుపోను డప్పు దరువు పెరుగుతూ భయపెట్టే పాట అది. దర్శకత్వం నాది. ప్రసన్న అని నా ప్రాణ స్నేహితురాలు, కొత్తపేట అమ్మాయి, రెండు వేషాలూ వేయడానికి ఒప్పుకుంది. తప్పిపోయిన రాకుమారీ తనే, తోటలో పాక వేసుకుని ఆమె కోసం కాచుకున్న ముసలి మంత్రగత్తే తనే. కథ విని ఎస్తేరు మేడం ఒక్క ప్రశ్న వేశారు. "ఆ ముసలావిడకి ఆ పిల్ల మీద కోపం ఎందుకు?"

"మంత్రగత్తె కదా మేడం, కోపం ఊరికే ఉంటుందండీ," అన్నాను.

ఆవిడ "సరే, తియ్యండి. తీస్తే మీకే తెలుస్తుంది," అన్నారు. పొద్దున్నే ఇడ్లీలు కట్టించుకుని తానూ వస్తానన్నారు.

పి.గన్నవరం దాటాక కాలవగట్టు పక్కన కిషోర్ వాళ్ళ మావయ్యగారి కొబ్బరితోట ఉంది. తోటలో కాయలు పోసుకునే పాత పాక ఒకటి ఉంది. చలికాలం కావడంతో తెల్లవారాక కూడా మంచు విడవలేదు. రాకుమారి షాట్లు ముందురోజే అయిపోయాయి. ఆ పొద్దున మంత్రగత్తె వంతు. ప్రసన్న ముఖానికి జింకు పొడీ కొబ్బరినూనే కలిపి నా చేత్తో నేనే పూశాను. కళ్ళ చుట్టూ కాటుక దిద్దాను. సగం పళ్ళు ఊడిపోయినట్టు కనబడాలని కొన్నింటికి నల్లరంగు వేశాను. తెల్లచీర, జనపనారతో చేసిన జుట్టు. పని పూర్తయి వెనక్కి జరిగి చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది. చాలా బాగా కుదిరిందని పొంగిపోయాను.

రెండు షాట్లు తీశాక, చేతులకంటిన మసి కడుక్కొస్తానని ప్రసన్న కాలవ రేవు వైపు వెళ్ళింది. మంచులో తను నడిచి వెళ్తుంటే అందంగా ఉందని నేను వెనకే కెమెరా తిప్పాను. గట్టు మీద ఒక ఇల్లుంది. ఆ ఇంటి పిల్ల, రెండేళ్ళుంటాయేమో, ఒక్కతే రేవు మెట్ల దాకా వచ్చేసి నీళ్ళలోకి వంగుతోంది. ప్రసన్న తన వేషం మాట మరిచిపోయింది. పరిగెత్తి ఆ పిల్లను ఎత్తుకుంది. పిల్ల ఆ ముఖం చూసి గుక్కపట్టింది. లోపలినుంచి తల్లి బయటికొచ్చి చూసింది.

ఆ తల్లి పెట్టిన కేక నాకింకా వినిపిస్తుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఆ రోజుల్లో అందరి ఫోన్లలోనూ కబుర్లే. పక్క తోటలో కాయలు వలుస్తున్న మనుషులు ఏడెనిమిది మంది పరుగున వచ్చారు. "ఇదేనండి, పిల్లల్నెత్తుకెళ్ళేది ఇదే," అని ఒకరన్నారు. "మనిషి కాదురా అది," అని ఇంకొకరు. ఒకాయన జుట్టు పట్టి లాగాడు. జనపనార చేతిలోకి ఊడివచ్చేసరికి వాళ్ళు ఇంకా బెదిరిపోయారు. కొబ్బరిమట్ట ఒకటి ప్రసన్న భుజం మీద పడింది, తర్వాత ఇంకోటి. తను నోరు తెరిచింది కానీ మాట రాలేదు, నల్లటి పళ్ళే కనిపించాయి. కిషోర్ "మా కాలేజీ అమ్మాయండీ" అని అరుస్తూ వెళ్ళాడు. అతన్ని తోసేస్తే తోటకు నీళ్ళు పారే బోదెలో పడ్డాడు. నేను ముప్పై అడుగుల దూరంలో ఉన్నాను. నా కాళ్ళు కదల్లేదు. చేతుల్లో కెమెరా నడుస్తూనే ఉంది.

అప్పుడే గట్టు మీద ఆటో ఆగింది. ఎస్తేరు మేడం ఇడ్లీ పొట్లాలు సీట్లోనే వదిలేసి దిగారు. చెప్పు ఒకటి జారిపోతే అలాగే వచ్చేశారు. ఆవిడ అరవలేదు. నేరుగా ఆ మనుషుల మధ్యకు వెళ్ళి ప్రసన్నకు అడ్డంగా నిలబడ్డారు. ఒక మట్ట ఆవిడ చేతికి తగిలింది. "కొట్టకండి బాబూ. నేను టీచర్నండి. ఒక్క నిమిషం చూడండి, మీకే తెలుస్తుంది," అన్నారు. సంచీలోంచి నీళ్ళసీసా తీసి పమిటచెంగు తడుపుకున్నారు. ప్రసన్న గడ్డం పట్టుకుని ముఖం తుడవడం మొదలుపెట్టారు. ముందు నుదురు, తర్వాత ఒక చెంప, తర్వాత రెండో చెంప. తెల్లరంగు కింద పందొమ్మిదేళ్ళ చామనఛాయ ముఖం కొంచెం కొంచెంగా బయటపడింది. "నోరు తెరువమ్మా," అని, చెంగు వేలికి చుట్టుకుని ఒక్కో పన్నూ తుడిచారు. "చూడండి, అన్నీ ఉన్నాయి. పిల్ల. చదువుకునే పిల్ల," అన్నారు.

మట్ట పట్టుకున్నాయన దాన్ని మెల్లగా కిందపెట్టాడు. "ముందే చెప్పొచ్చు కదండీ మేడంగారూ," అన్నాడు తల వంచుకుని. అప్పటికి ప్రసన్నకు గొంతు వచ్చింది. "పాప నీళ్ళల్లో పడిపోతుందని ఎత్తుకున్నానండీ," అంది. ఆ తల్లి రేవు వైపు చూసి, పిల్లను గుండెలకు అదుముకుని, అక్కడే కూలబడిపోయింది.

అంతా సర్దుకున్నాక ఎస్తేరు మేడం గట్టు మీద కూర్చున్నారు. నీళ్ళసీసా మూత తీసుకోలేకపోయారు. నేనే తీసి ఇచ్చాను. భయపడ్డారనుకున్నాను.

ఇక నా సంగతి చెప్పాలి. పది రోజుల తర్వాత ఎడిటింగు మొదలుపెడితే ఆ రోజు కెమెరాలో పడిన బొమ్మంతా ఉంది. మొదటిసారి చూసినప్పుడు ఏడ్చాను. రెండోసారి మధ్యలో ఆపేశాను. నాలుగోసారి చూస్తున్నప్పుడు, మంచులోంచి పరుగెత్తుకొస్తున్న మనుషులు, వాళ్ళ మధ్య ఆ తెల్లటి ముఖంలో బెదిరిన కళ్ళు చూసి, ఇంతకంటే మంచి షాటు మా వీడియోలో లేదనిపించింది. నిజంగానే లేదు. దాన్ని నిదానం చేసి, కిషోర్ దరువుకు సరిగ్గా కలిపి, పాట చివర పెట్టాను. మంత్రగత్తెకు శిక్ష పడినట్టు కథ పూర్తయింది. కిషోర్‌కు చూపించలేదు, ప్రసన్నకు చెప్పలేదు. మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ లేనప్పుడు ఎస్తేరు మేడంకి చూపించాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను.

ఆ షాటు రాగానే ఆవిడ చెయ్యి చాచి వీడియో ఆపేశారు. తెర మీద ప్రసన్న ముఖం అలాగే నిలిచిపోయింది.

"ఇక్కడ ప్రసన్న నటిస్తోందా అమ్మా?"

"లేదు మేడం. కానీ చూసేవాళ్ళకి తెలీదు కదండీ."

ఆవిడ మామూలు గొంతుతో, క్లాసులో అడిగినట్టే అడిగారు. "పళ్ళకి నలుపు ఎందుకేసేవు?"

"మంత్రగత్తెలకి అలాగే వేస్తారు కదండీ. సినిమాల్లో, బొమ్మల పుస్తకాల్లో అన్నిట్లో అంతే."

"పళ్ళు ఎందుకుండవో తెలుసా?"

తెలీదన్నాను.

"ఊడగొడతారమ్మా. మంత్రం పలకకుండా. మా అమ్మకి రాయితో ఊడగొట్టేరు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ కుర్చీ కొంచెం నా వైపు జరుపుకుని చెప్పారు. అప్పటికి ఆవిడకు తొమ్మిదేళ్ళు. తండ్రి లేడు. తల్లి ఊరి చివర పాకలో ఉంటూ పొలం పనులకు పోయేది. ఎవరింట్లో పిల్లలకు జబ్బు చేసినా ఆకుపసరు పోసేది. ఒక ఏడాది జ్వరాలొచ్చి ఊళ్ళో ఒక బిడ్డ చనిపోయింది. మర్నాడు పొద్దున్నే జనం వచ్చి, చేతబడి చేసిందని తల్లిని జుట్టు పట్టి లాక్కెళ్ళి కొబ్బరిచెట్టుకు కట్టారు. "పసరు తాగిన పిల్లల తల్లులు కూడా ఉన్నారక్కడ," అన్నారు మేడం. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు రాజోలులో పిన్నిగారింటికి వచ్చేశారు. తల్లి ఇంకో ముప్పై ఏళ్ళు బతికింది. అన్నం మెత్తగా పిసుక్కుని తినేది. నవ్వొస్తే చెంగు అడ్డం పెట్టుకునేది.

నా చేత్తో నేను నల్లరంగు వేసిన పళ్ళు తెర మీద కనబడుతూనే ఉన్నాయి. లేచి మానిటరు కట్టేయాలని కూడా తోచలేదు.

"నేను తలుపు సందులోంచి చూస్తూ ఉండిపోయేనమ్మా. కదల్లేదు. నువ్వు కదల్లేదని నిన్నేమీ అనను, అనే హక్కు నాకు లేదు. కానీ నేను చూసింది నేనెవరికీ చూపించలేదు," అన్నారు.

నేను, "తీసెయ్యమంటారా మేడం?" అన్నాను.

"నన్నడుగుతావేంటి? ఆ ముఖం ఎవరిది?"

ఆ సాయంత్రమే కొత్తపేట వెళ్ళాను. ప్రసన్న భుజం మీద దెబ్బ పసుపురంగుకు తిరిగింది. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. తను చివరిదాకా చూసింది. నన్ను తిట్టలేదు. "ఇంతసేపు తీసేవా?" అంది. "తీసెయ్యి," అని లోపలికి వెళ్ళి, కాసేపాగి టీ పట్టుకొచ్చింది. నేను తన ముందే ఆ ఫైలు చెరిపేశాను. తను నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

వీడియోకు ముగింపు లేకుండా పోయింది. ఏం చేయాలో తోచక ముగ్గురం ఎస్తేరు మేడం దగ్గరకే వెళ్ళాం. ఆవిడ అప్పుడు చెప్పారు. మన రాకుమారి కథల్లో కూడా ఊరి చివర పాకలో ఒంటరి ముసలావిడ ఉంటుందనీ, దారి తప్పినవాళ్ళకు ఆవిడే అన్నం వండి పెడుతుందనీ. "అదే పాక, అదే మనిషి. దెయ్యం కథలోకి ఎప్పుడు వెళ్ళిపోయిందో," అన్నారు. ఆ ముసలావిడ పాత్ర తానే వేస్తానన్నారు. మేకప్ వద్దన్నారు. ప్రసన్నను ఎవరూ బలవంతపెట్టలేదు. తనే, "నేను వేషం వెయ్యను మేడం. కూర్చుని తింటానంతే," అంది. అందరం నవ్వాం, ఆ గొడవ తర్వాత మొదటిసారి. ఆ తోటకు మళ్ళీ వెళ్ళే ధైర్యం లేక కిషోర్ వాళ్ళ పెరట్లో తీశాం. మేడం పొయ్యి ఊదుతుంటే పొగకు కళ్ళు నీళ్ళు కారాయి. అది నటన కాదు. ఉంచనా తీసేయనా అని అడిగితే, "ఆయ్, ఉంచమ్మా," అన్నారు. ఆ వీడియోను కాలేజీల పోటీకి పంపితే మాకు బహుమతి రాలేదు. చివర్లో భయం తగ్గిపోయిందని న్యాయనిర్ణేత ఒకాయన రాశారు.

మేడం రిటైరై రాజోలులోనే ఉన్నారు. నేను పెళ్ళిళ్ళ వీడియోలు తీసుకుని బతుకుతున్నాను. పోయిన వేసవిలో ఐ.పోలవరం దగ్గర ఒక పెళ్ళిలో, తలంబ్రాల వేళ పెళ్ళికూతురి నాయనమ్మ ఎండకు సొమ్మసిల్లి మెట్ల మీదనుంచి పడ్డారు. ఇంటికొచ్చి ఫుటేజీ చూస్తే ఆ సమయంలో పదకొండు నిమిషాలు షామియానా గుడ్డ తప్ప ఇంకేమీ లేదు. కెమెరా ఎక్కడ పెట్టానో నాకే తెలీదు. పక్కనుంచి మాత్రం నా గొంతు వినిపిస్తోంది, "మామ్మగారూ, నా చెయ్యి పట్టుకోండి, ఏం కాదు," అంటూ. తలంబ్రాలు లేవని పెళ్ళివారు నా మీద కేకలేశారు. నాకు మాత్రం లోపల ఏదో సంతోషంగా ఉండి, ఆ మర్నాడు మేడంకి ఫోను చేసి, పరీక్ష పాసైన పిల్లలా అంతా చెప్పాను.

ఆవిడ "ఆయ్, ఆయ్" అంటూ ఓపిగ్గా విన్నారు. నేను ఆపాక అడిగారు. "ఆ మామ్మగారికి ఇప్పుడెలా ఉందమ్మా?"

నాకు తెలీదు. కనుక్కోవాలని కూడా నాకు తోచలేదు. మేడం అవతల ఎదురుచూస్తున్నారు. ఇప్పుడే కనుక్కుని చెప్తానని ఫోను పెట్టేసి, ఆ పెళ్ళివారి నెంబరు వెతికాను.