వెదురుపుల్ల మీద రెండు గీతలు

నేను కాపురానికి వచ్చేసరికి మా మామగారు పడక్కుర్చీలో ఉన్నారు. ఆయన మోటారు సైకిలు వరండా చివర స్టాండు మీద ఉంది. ఇద్దరూ కదలరు.

అవి తెల్లదొరల రోజులు. ఏలూరు మొత్తానికి మోటారు సైకిళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. మామగారు పశువుల డాక్టరు. కొల్లేటి గట్టు మీద ఆ బండి చప్పుడు వినబడగానే లంక ఊళ్ళవాళ్ళు జబ్బు గేదెల్ని తోలుకొచ్చి దారి పక్కన నిలబెట్టేవారట. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ పడిపోయాక ఆ చప్పుడు ఆగిపోయింది. మామగారి లెక్కలో మాత్రం ఆగలేదు. వానలు వెనకపట్టగానే బండెక్కి ముదినేపల్లి దాకా వెళ్ళొస్తానని రోజూ అనేవారు. ఆ మాటే ఆయనకి అన్నం.

పొద్దున్నే కాఫీ తాగి నన్ను పిలిచేవారు.

"అమ్మాయ్, ఇంజను ఆయిలు చూడమ్మా."

నాకు ఒళ్ళు మండేది. పెద్దాయన కదా, పైకి మాత్రం నెమ్మదిగానే అడిగాను. "నిలబడ్డ బండేనండీ, ఆయిలు ఎక్కడికి పోతుందండీ?"

"కారుతోందమ్మా. కింద ఇసక చూడు."

నిజమే, ఇంజను కింద పోసిన ఇసక నల్లగా తడిసి ఉంది. ఆయన చెక్కిన వెదురుపుల్ల ఒకటి, దాని మీద రెండు గీతలు. బండిని నిటారుగా పట్టుకుని, పుల్ల తుడిచి, బండికున్న ఆయిలు డబ్బా మూత విప్పి అందులో ముంచి తీసి, తడి ఎక్కడిదాకా ఉందో చెప్పాలి. కింద గీత దాటి తగ్గితే పొయ్యాలి. పై గీత దాటితే అదీ తప్పేనట. ఒకసారి నేను ఎక్కువ పోస్తే, గుడ్డపీలిక నా చేత ముంచి పిండించి, ముంచి పిండించి, గీతకు దిగేదాకా ఊరుకోలేదు. కొత్త కోడలి చేతులు నల్లగా మసైపోయాయి. ఆ రోజు మాత్రం ఆయన నవ్వారు.

కార్తీకం వచ్చేసరికి ఇంట్లో కొని ఉంచిన ఆయిలు టిన్ను అయిపోయింది. ఆ సంగతి మా అత్తగారు ఆయనకి చెప్పనివ్వలేదు. అయినా పుల్ల మీద తడి గీత దగ్గరే ఉంటోంది. ఇసక మాత్రం ఎప్పట్లాగే తడుస్తోంది. నా చేతికి వేరే వాసన వస్తోంది.

ఒక పొద్దున ఆయన ఇంకా లేవకముందే వరండాలోకి వెళ్తే, అత్తగారు ఆముదం గిన్నె పట్టుకుని బండి దగ్గర వంగి ఉన్నారు.

"అయ్యో అత్తయ్యగారూ, అందులో ఆముదం పోస్తారుటండీ?"

"నెమ్మదిగా మాట్లాడవే. ఎడ్లబండి ఇరుసుకి పోస్తే తిరగట్లేదూ? ఇదీ బండేగా."

"ఇంజను పాడైపోతుందేమోనండీ."

ఆవిడ మూత బిగించి, చెయ్యి చెంగుకి తుడుచుకున్నారు. "ఆయన ఎక్కే రోజు వస్తే కదే, పాడయ్యేది. గీత తగ్గిందంటే ఆ పూట అన్నం ముట్టరు."

ఆవిడ మీద కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువ జాలి వేసింది. ఆ తరువాత రోజూ పుల్ల ముంచడం, "గీత దగ్గరే ఉందండీ" అనడం. అబద్ధం కూడా కాదు.

పుష్యంలో లంక ఊరి రైతు ఒకాయన వచ్చాడు. "తమరు ఎప్పుడొస్తారండీ డాక్టరుగారూ, మా గొడ్లకి దిక్కు లేకుండా పోయిందండీ" అన్నాడు. ఆ మాటతో మామగారి మొహం వెలిగిపోయింది. రైతు వెళ్ళగానే కర్ర ఊతంతో లేచారు. నేను పట్టుకోబోతే వద్దన్నారు. కాలు ఈడ్చుకుంటూ బండి దాకా వెళ్ళి, హేండిలు ఆనుకుని నిలబడి, కుడిచేత్తో తానే పుల్ల ముంచారు. తడి గీత దగ్గరే ఉంది. పుల్ల ముక్కు దగ్గర పెట్టుకున్నారు. వేలితో రాసి చూశారు. బంకలా సాగింది.

అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఎప్పట్నుంచి?" అన్నారు.

"కార్తీకం నుంచండీ," అన్నారు అత్తగారు.

ఆయన పుల్లని పంచెకే తుడిచి, చూరులో దోపారు. "అయితే నువ్వు కార్తీకంలోనే తేల్చేసుకున్నావన్నమాట," అన్నారు. గొంతులో కోపం లేదు. అత్తగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు కాఫీ అయింది. మామగారు నన్ను పిలవలేదు. చాలాసేపు చూసి, అత్తగారే చూరులోంచి పుల్ల తీసుకుని ఆయన ముందుకు వచ్చారు.

"ఏవండీ, ఆయిలు చూడమంటారా?"

ఆయన వీధివైపు చూస్తూ కూర్చున్నారు.

"ఎందుకులే," అన్నారు. "గీత దగ్గరే ఉంటుంది."