క్యాష్ ఫోల్డర్‌లో దాచిన పులి

చెత్తబుట్టలో నగలు దాచుకున్న తెలివైనవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. కాకపోతే ఆ నగలు నావి కావు. అందుకే ఇన్నేళ్లుగా ఈ బరువు నా గుండె మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. దిగమంటే దిగదు. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

బరంపురం బడా బజార్‌లో మా బావకి ఫోటో స్టూడియో ఉంది. అక్కడ కంప్యూటర్ పని నాది. ఊరికే వస్తుంది కదా అని దాంట్లో విండోస్ బదులు లైనక్స్ వేశాను. నల్ల తెర మీద నాలుగు ముక్కలు కొడితే వచ్చినవాళ్లు నోరు తెరుచుకుని చూసేవారు. ఆ మంత్రగాడి వేషం నాకు బాగా పట్టింది. మంత్రం మాత్రం సగమే పట్టింది.

మా బావకో జబ్బు. తెర మీద తెలియని ఫైలు కనిపిస్తే తీసేస్తాడు. అందుకని ప్రింటు కావలసిన ఫోటోలను ఆయన కంట పడకుండా దాచేవాణ్ణి. లైనక్స్‌లో ఫోల్డర్ పేరుకి ముందు చుక్క పెడితే అది మామూలుగా కనిపించదు. దిష్టి తగలకుండా పసిపిల్లలకి బుగ్గన చుక్క పెట్టినట్టే. నేను కొత్తగా చుక్క పెట్టడానికి కూడా బద్ధకించాను. ముందే చుక్క ఉన్న క్యాష్ ఫోల్డర్ కనిపిస్తే దాని కడుపులో పెట్టేశాను. క్యాష్ అంటే మా బావకి గల్లాపెట్టె. కంప్యూటర్‌కి మాత్రం పని సులువు కోసం దాచుకున్న నకళ్ల గుట్ట, ఎప్పుడైనా ఊడ్చేయదగ్గది. అది నాకు తెలుసు. తెలిసే పెట్టాను. దీన్నేమంటారు?

ఆ ఏడు ఠాకురాణి అమ్మవారి యాత్ర. రెండేళ్లకోసారి ఊరంతా వేషాలు కట్టి మొక్కులు తీర్చుకునే రోజులు. ఆర్యపల్లి నుంచి ధనయ్య అనే జాలరి వచ్చాడు. పడవ బోల్తా పడి ప్రాణాలతో తేలినవాడు. కొడుకు బతికితే పులి వేషం కట్టిస్తానని వాళ్లమ్మ మొక్కుకుందట. ఆవిడ మంచం దిగలేదు. ఫోటోలో చూస్తేనే ఆవిడకి మొక్కు తీరినట్టు. పులి కట్టి ఆడిన ఫోటోలున్న కార్డు ఫోన్‌లోంచి తీసి నా చేతిలో పెట్టాడు. ఫోటోలు మా మెషీన్‌లో ఆ క్యాష్ ఫోల్డర్‌లోకే ఎక్కించి, కార్డు శుభ్రంగా ఖాళీ చేసి తిరిగిచ్చాను. అది మా స్టూడియో మర్యాద.

ఆ వారమే డిస్కు నిండిపోయిందని మెషీన్ మొరాయించింది. నిండింది దేనితో? రాజు వేషంలో మా బావ తీయించుకున్న ఫోటోలతో. మీసం ఎడమ నుంచి, మీసం కుడి నుంచి. వాటిని తాకనివ్వడు. సరే, క్యాష్ ఊడుద్దామనుకున్నాను. ఆలోచన తప్పు కాదు. ఊడ్చేముందు ఏ ఫోల్డర్ ఎంత తింటోందో కొలిచి చూడాలి. బ్రౌజర్ దాచుకున్నవీ, చిట్టి బొమ్మల నకళ్లూ, ఇన్‌స్టాల్ అయ్యాక మిగిలిన ప్యాకేజీలూ తీసేస్తే నష్టం లేదు, కావాలంటే మళ్లీ వస్తాయి. అక్కడ ఉండకూడనిది ఏదైనా ఉందేమో ఒక్కసారి లోపలికి తొంగి చూడాలి. నేను తొంగి చూడలేదు. చుట్టూ జనం ఉన్నారు మరి. మొత్తం తుడిచేయమని ఒక్క ముక్క కొట్టాను. ఆ కమాండ్‌తో పోయినవి చెత్తబుట్టలో కూడా పడవు. డిస్కు తేలికైంది. నేను కాలర్ సర్దుకున్నాను.

ధనయ్య ఫోటోలకి వచ్చినప్పుడు గానీ గుర్తు రాలేదు. దొరికిన సాధనాలన్నీ పెట్టి వెతికాను. లేవు. సంగతి తెలిసిన బావ నా చెవిలో, "స్టూడియో పేరు పోద్దిరా, సూసి మాటాడు" అన్నాడు.

"ఏటైనాది బాబూ?" అన్నాడు ధనయ్య.

"కార్డు పాడైపోయింది ధనయ్యా. సముద్రం గాలికి ఉప్పు పట్టేసింది. ఫోటోలు రాలేదు."

అతను తన చేతుల వంక చూసుకున్నాడు. "ఉప్పు సేతులు బాబూ నావి. నానే పాడు సేసుకున్నాను. మీరేటి సేస్తారు?"

అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. ఫోటోలు రాలేదంటే అమ్మోరు మొక్కు ఒప్పుకోలేదని వాళ్లమ్మ తేల్చేసింది. మళ్లీ యాత్ర వచ్చి, మళ్లీ పులి కట్టి, ఆ పులిని తను ఫోటోలో కళ్లారా చూసేదాకా పడవ ఎక్కొద్దని ఒట్టు వేయించుకుంది. పడవ మీద బతికేవాడు రెండేళ్లు ఇసకలో కూర్చుని పరాయివాళ్ల వలలు కుట్టాడు. ఒక్క మాట చెబితే ఆ ఒట్టు తెగేది. చెప్పలేదు. మొదటి వారం భయపడి చెప్పలేదు. తరువాత, మొదటి వారం ఎందుకు చెప్పలేదని అడుగుతారని చెప్పలేదు. ఆ తరువాత ప్రతి రోజూ నిన్నటి రోజుకి కూడా జవాబు చెప్పుకోవలసి వచ్చింది. తలుపు తాళంచెవి నా జేబులోనే ఉంది. అయినా లోపల ఉన్నది అతనూ, నేనూ.

పైగా, ఫోటోల కోసం నేను కష్టపడి వెతికానని, బజారుకి వచ్చినప్పుడల్లా ఎండుచేపల పొట్లం తెచ్చేవాడు. బావ లొట్టలేసేవాడు. "తినరా, మనోడు పేమగా తెచ్చినాడు" అనేవాడు. తిన్నాను కూడా. ఉప్పు ఎక్కువైందని ఎలా అనను?

మళ్లీ యాత్ర వచ్చింది. ధనయ్య ఒంటి నిండా రంగు పూసుకుని ఎండలో ఆడాడు. నేనే ఫోటోలు తీశాను, వేర్వేరు చోట్ల భద్రపరిచాను, అతన్ని కదలనివ్వకుండా అప్పటికప్పుడు ప్రింటు తీసి ఇచ్చాను. ఆవిడ చూసిందట. కొడుకు పడవ ఎక్కాడు. అతని బాకీ తీరింది. నాది తీరలేదు. ధనయ్యకి ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో కూడా తెలియదు. మీతో చెబితే కాస్త ఊపిరాడుతోంది, అంతే.

బావ మీద మాత్రం చిన్న కసి తీర్చుకున్నాను. అబద్ధం ఆడిన నోరు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఆ చేపలు అంత రుచిగా తినడం ఏం న్యాయం? స్టూడియో అద్దాల బీరువాలో రాజు వేషంలో ఉన్న బావ నిలువెత్తు ఫోటో తీసేసి, ధనయ్య పులిని పెట్టాను. ఎందుకు పెట్టావని గట్టిగా అడిగితే, ఎందుకో నేను పైకి చెప్పేయాల్సి వస్తుంది. అందుకని ఆయన అడగలేకపోయాడు. కంప్యూటర్ తెరిచి చూసుకుంటే అందులో కూడా రాజు కనిపించలేదు.

"ఒరే, నా ఫోటోలేవిరా?"

"క్యాష్ ఫోల్డర్‌లో ఉన్నాయి బావా. భద్రంగా."

ఆ రోజు నుంచి డిస్కు నిండి మెషీన్ మొరాయించినా మా బావ నన్ను ఖాళీ చేయమని అడగడు.