పదహారో గడి

ఎనభైల మొదట్లో, అరబ్బు దేశంలోని మఫ్రఖ్‌లో నేను సర్వే గొలుసు లాగే రోజుల్లో, మా అమెరికా సర్వేయర్ సాబ్ చాయ్ తాగుతూ ఇసుకలో పుల్లతో తన ఊరు గీసేవాడు. ఆరు మైళ్ళకు ఆరు మైళ్ళు, ముప్పై ఆరు గడులు. పదహారో గడి మీద వేలు పెట్టి, "ఇది బడిది. దీన్ని ఎవ్వరూ అమ్మరు," అని వచ్చీరాని హిందీలో చెప్పేవాడు.

మా క్యాంపు నక్షాలోనూ ఆటస్థలానికి ఒక గడి వదిలాడు. "మనకు గూడ ఒకటి ఇడిసిపెట్టిండు," అని మావాళ్ళు మురిసిపోయారు. శుక్రవారాలు రాళ్ళేరి చదును చేసుకున్నాం.

ఒక పొద్దున అక్కడే గోదాముకు హద్దు మేకులు కొట్టమన్నాడు.

"సాబ్, అది మాకిచ్చిన జాగా గద," అన్నాను.

"ఖలాస్," అన్నాడు, నక్షా మీంచి తలెత్తకుండా. "మా ఊళ్ళో ఆ పదహారో గడిని నేను పుట్టకముందే అమ్మేశారు."

ఇసుకలో గీసిన ప్రతిసారీ ఆయనకా సంగతి తెలుసు.

మేకులు నేనే కొట్టాను.